ఇంటి కంప్యూటర్‌కి తక్కువ ఖర్చులో బ్యాకప్ ఎలా?

లంక మాస్టారు:
మాది రాజోలు దగ్గర లంక ఊరండి. 2022 జూలై వరదకి సీపీయూని ముందు మంచం మీద పెట్టి, నీళ్లు అరుగు దాటాక అటక ఎక్కించాం. అప్పుడు బతికిపోయింది. ఇప్పుడు నాలుగు రోజులుగా లోపల టిక్కు టిక్కుమంటోంది, ఆన్ అవడానికి పది నిమిషాలు. మొత్తం 280 జీబీ. ఎక్కువ భాగం అమ్మాయి పెళ్లి వీడియో. పొలం కాగితాల స్కాన్లు, మా నాన్నగారు పాడిన భాగవత పద్యాలు కూడా అందులోనే. మధ్యలో ఆయన దగ్గుతో సహా. మూడు వేలు మించి పెట్టలేను. అల్లుడు నాలుగు పెన్‌డ్రైవ్‌లు కొనమంటున్నాడు.

భీమవరం కుర్రాడు:
మాస్టారూ, ఆ టిక్కు హార్డ్‌డిస్కుదైతే బ్యాకప్ ఏది చవక అని ఆలోచించే టైం లేదండి. వైరస్ స్కాన్లూ, డిస్కు రిపేర్లూ నడపకండి, ఉన్న ఊపిరి అయిపోతుంది. ముందు పద్యాలు, కాగితాలు ఇంట్లో ఉన్న ఏ పెన్‌డ్రైవ్‌లోకైనా తీసేయండి. పెళ్లి వీడియో కాపీ ఇంకెవరి దగ్గరైనా ఉంటుంది. పద్యాలు ఉండవు. పెన్‌డ్రైవ్ మోసుకెళ్లడానికే, ఏళ్ల తరబడి దాచడానికి కాదు.

అమలాపురం అన్న:
ఇంట్లో మూలపడిన లాప్‌టాప్ ఏమైనా ఉందా? దాని డిస్కు విప్పి, యూఎస్‌బీ తీగతో తగిలించుకునే డబ్బా, అంటే కేసింగ్‌లో పెడితే ఎక్స్‌టర్నల్ డిస్కే. కేసింగ్‌కి కొన్ని వందలు అవుతాయంతే. వాడే ముందు డిస్కు ఆరోగ్యం చూపించే సాఫ్ట్‌వేర్ క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో చూడండి, పసుపు రంగులో ‘కాషన్’ అని వస్తే దాన్ని నమ్మకండి. గూగుల్‌లో 15 జీబీ ఉచితం, కానీ మెయిలు, ఫోటోలు, డ్రైవ్ అన్నిటికీ కలిపి అంతే. చిన్నవి అందులో వేయండి. 280 జీబీ మొత్తం ఎక్కించాలంటే 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌తో రెండున్నర రోజులు, అదీ కరెంటు పోకుండా ఉంటే!

భీమవరం కుర్రాడు:
ఇంకోటి. కాపీ అయ్యాక డిస్కు పీకేయండి. తగిలించే ఉంచితే పిడుగు పడినా, వైరస్ వచ్చినా రెండూ కలిసే పోతాయి.

లంక మాస్టారు:
ఆయ్, రాత్రే పద్యాలు తీసేశానండి. అన్నీ కలిపి 600 ఎంబీయే! పెళ్లి వీడియోలో ఒక ఫైలు మాత్రం సగంలో ఆగిపోతోంది, అప్పగింతలది. ఫోటోగ్రాఫర్‌ని అడిగి చూస్తాను. అల్లుడి దగ్గర స్క్రీన్ పగిలిన లాప్‌టాప్ ఉందట, డిస్కు 500 జీబీ. ఆదివారం తెమ్మన్నా. కాపీ అయ్యాక డిస్కు రాజమండ్రిలో వాళ్లింట్లోనే ఉంచేస్తా. వాళ్లది మూడో అంతస్తు, గోదారి అంతదాకా ఎక్కదు.