దవడ పన్ను స్థానంలో బ్రిడ్జి: పక్క పళ్ళు రెండూ అరగదీయాల్సిందేనా?

అనంతపురం_శీను:
అందరికీ నమస్కారం. మా అమ్మకు 56 ఏళ్ళు, షుగరుంది, మాత్రలతో అదుపులోనే ఉంది. కింద కుడివైపు మొదటి పెద్ద దవడ పన్ను, అంటే డాక్టర్లు పళ్ళకిచ్చే నంబర్లలో 46, పీకించి రెండేళ్ళు దాటింది. దాని వెనక 47 ముందుకు వాలిందంటున్నారు. ముందున్న 45లో పుచ్చుకు నింపిన పాత సిమెంటు ఉంది. ఒక డాక్టరు రెండింటికీ రూట్ కెనాల్ చేసి మూడు పళ్ళ బ్రిడ్జి వేస్తామన్నారు, ఇంకొకరు రూట్ కెనాల్ అక్కర్లేదన్నారు. ఎముకలో స్క్రూ దించి పన్ను వేసే ఇంప్లాంట్‌కు అమ్మ ససేమిరా అంటోంది. పోయిన ఒక్క పన్ను కోసం బాగున్న పన్నును అరగదీయాలా? 45 ఒక్కదానికే తగిలించి వేయకూడదా? లోపల లోహం, పైన పింగాణీ పొర ఉండే మెటల్ సెరామిక్ మేలా, లోహం లేని తెల్లటి గట్టి సెరామిక్ జిర్కోనియానా? మా వైపు ఫ్లోరైడ్ నీళ్ళు, అమ్మ పళ్ళ మీద గోధుమ రంగు మచ్చలున్నాయి. రంగు కలుస్తుందా?

కర్నూలు_దంతం:
శీను గారూ, బ్రిడ్జి అంటే రెండు పక్కలా క్యాపులు, మధ్యలో వాటికి అతికి ఉండే కృత్రిమ పన్ను. దాన్ని పాంటిక్ అంటాం. మూడూ కలిసి ఒకే ముక్క. పాంటిక్‌కు వేరు లేదు కాబట్టి దాని మీద నమిలే బరువంతా పక్క పళ్ళ వేర్లే మోయాలి. అందుకే మెటీరియల్ సంగతి తర్వాత, ముందు 45, 47ల ఎక్స్‌రే చూడాలి. ఎముకలో దిగి ఉన్న వేరు పొడవు, బయటున్న పన్ను ఎత్తుకు కనీసం సమానంగా ఉండాలి. ఒకటిన్నర రెట్లుంటే నిశ్చింత. పన్ను కదులుతున్నా, చిగురు నుంచి చీము వస్తున్నా ముందు చిగుళ్ళ వైద్యం చేయించాకే బ్రిడ్జి మాట.

రూట్ కెనాల్ రెండింటికీ ముందే చేయాలన్న నియమమేం లేదు. నరం బతికే ఉండి, అరగదీసేటప్పుడు దానిదాకా పోకపోతే అక్కర్లేదు. 47తోనే చిక్కు. బ్రిడ్జి ఒకే ముక్క కాబట్టి రెండు పళ్ళూ ఒకే దారిలో నిలిచేలా అరగదీస్తేనే అది కిందికి దిగుతుంది. పన్ను ముందుకు వాలితే ముందువైపు ఎక్కువ కోయాల్సి వస్తుంది, అక్కడే నరం బయటపడే ప్రమాదం. వాలు సుమారు 25 డిగ్రీల లోపుంటే మామూలుగా సర్దుకోవచ్చు. దాటితే క్లిప్పులతో పన్నును కొంత నిలబెట్టాకో, రూట్ కెనాల్ చేశాకో వేయాలి. 45లో మాత్రం పాత సిమెంటు తీసి కింద పిప్పి ఎంత లోతుందో చూడనిదే ఎవరూ ఖాయంగా చెప్పలేరు. రూట్ కెనాల్ అన్న డాక్టరును ఎక్స్‌రే చూపించి కారణం చెప్పమనండి.

45 ఒక్కదానికే వేలాడదీయడం వద్దే వద్దు. అది చిన్న పన్ను. వెనకకు చాచిన పెద్ద పన్ను మీద నమిలిన ప్రతిసారీ దాని వేరు మీద మీట వేసి ఎత్తినట్టే. ముందు పళ్ళలో, అదీ కోర పన్ను ఆధారంగా, ఒకవైపు బ్రిడ్జి నడుస్తుంది. దవడ పళ్ళలో నడవదు.

కడప_ల్యాబ్:
పైన ఆ ఖాళీకి ఎదురుగా ఉన్న పన్ను, 16, కిందికి దిగిందేమో చూశారా? కింద ఖాళీ ఉండి రెండేళ్ళయితే తరచూ దిగుతుంది. అప్పుడు పాంటిక్‌కు ఎత్తు చాలదు. దవడలో జిర్కోనియా అయితే పళ్ళను కలిపే మెడ దగ్గర కనీసం 9 చదరపు మిల్లీమీటర్లు, అంటే సుమారు 3 బై 3, ఉండాలి. మందం సగమైతే వంగడం ఎనిమిది రెట్లవుతుంది, విరిగేది అక్కడే. చోటు లేకుండా కేసు పంపి "సన్నగా చేయండి" అంటే మేమేం చేస్తాం! పైపన్నును కొంచెం అరగదీస్తే చాలాసార్లు సరిపోతుంది.

నమిలే తలం మీద మెటల్ సెరామిక్‌కు దాదాపు 2 మి.మీ., పూర్తి జిర్కోనియాకు 1 నుంచి 1.5 మి.మీ. తీయాలి. కాబట్టి మీ కేసులో జిర్కోనియాకే నా ఓటు. సెరామిక్ పొర ఊడే బెడదా ఉండదు. అయితే నోట్లో ఎత్తు సరిచేశాక దాన్ని గరుకుగా వదిలేస్తే ఎదుటి పన్నును అరగదీస్తుంది. పాలిష్ చేయమని అడగండి.

అచ్చు సిలికాన్‌తో తీయించుకోండి. చిగురు పక్కకు జరిగేలా దారం పెట్టి, రక్తం, ఉమ్మి లేకుండా తీస్తేనే అంచు మాకు కనబడుతుంది. అంచు దొరక్కపోతే క్యాపు వదులై, ఆ సందులో పిప్పి మొదలవుతుంది. ఎదుటి దవడకు ఆల్జినేట్ అనే మామూలు అచ్చు పొడి చాలు.

రంగు పళ్ళను అరగదీయక ముందే, పగటి వెలుతురులో చూడాలి. నోరు తెరిచి ఉంచి పన్ను ఆరితే తెల్లగా కనబడుతుంది, అప్పుడు ఎంచితే తప్పుతుంది. ఫ్లోరైడ్ మచ్చలకు ఫోటో పంపితే మేం స్టెయిన్ వేసి దగ్గరగా తెస్తాం. దవడ పన్ను కదా, దాని మీద మరీ పట్టుబట్టకండి.

పులివెందుల_పద్మ:
వేయించాక కడిగే పని గురించి ఎవరూ రాయలేదు. మూడూ అతికి ఉంటాయి కాబట్టి పళ్ళ సందులు శుభ్రం చేసే మామూలు ఫ్లాస్ దారం పైనుంచి దిగదు. సూపర్ ఫ్లాస్ అని దొరుకుతుంది. గట్టి కొసను సూదిలా పక్కనుంచి దూర్చి, పాంటిక్ అడుగున స్పాంజి భాగాన్ని అటూ ఇటూ లాగాలి. రోజూ రాత్రి. షుగర్ ఉన్నవాళ్ళకు చిగుళ్ళ జబ్బు ఎక్కువ, ఆరు నెలలకోసారి గార తీయించాలి.

బ్రిడ్జిని అతికించిన సిమెంటు ఒకవైపు వదిలినా రెండోవైపు పట్టి ఉంటుంది, అది ఊడదు. చెడు వాసన, ఏదో రుచి ఊరడం తప్ప వేరే గుర్తుండదు. వేలితో నొక్కితే అంచున బుడగలొస్తే వదిలిందనే అర్థం. రూట్ కెనాల్ చేసిన పన్నయితే నొప్పి కూడా రాదు, లోపల పిప్పి పూర్తిగా తినేస్తుంది. బజారు జిగురుతో అతికించే సాహసం చేయకండి.

అనంతపురం_శీను:
చాలా ఉపయోగపడింది. అరగదీసిన రోజునుంచి బ్రిడ్జి వచ్చేదాకా పళ్ళు అట్లే వదిలేస్తారా?

కర్నూలు_దంతం:
వదలకూడదు. అదే రోజు అక్రిలిక్ తాత్కాలిక బ్రిడ్జి వేయాలి. లేకపోతే జివ్వుమనడం సరే, పళ్ళు కాస్త జరిగినా ల్యాబ్ నుంచి వచ్చింది కూర్చోదు. అతికించే రోజు నీలం కాగితం కొరికించి ఎత్తు చూస్తారు. మత్తు దిగాక అదే పన్ను ముందు తగులుతున్నట్టుంటే వెంటనే వెళ్ళి చెప్పండి, అలవాటవుతుందని ఊరుకోవద్దు. మొదటి రోజు సంగటి, మెత్తన్నం పెట్టండి. మటన్ ఎముకలు, వక్క ఆ వైపు ఎప్పటికీ వద్దు. ఇద్దరు డాక్టర్ల మాట కలవలేదు కాబట్టి ఎక్స్‌రేలు పట్టుకుని కడప ప్రభుత్వ డెంటల్ కాలేజీకో, కర్నూలు పుల్లారెడ్డి డెంటల్ కాలేజీకో వెళ్ళి కృత్రిమ పళ్ళు అమర్చే ప్రోస్తోడాంటిక్స్ విభాగంలో చూపించండి. 47 వాలు ఎన్ని డిగ్రీలో అక్కడ కొలిపించుకుని ఇక్కడ రాయండి, మిగతాది చూద్దాం.