రాత్రి పది దాటాక పిల్లలు బయట ఉండకూడదట: మీరేమంటారు?

చిరుదీపం (చర్చ మొదలుపెట్టినవారు)
మా స్థానిక సంస్థ ఈ నెల పంపిన సమాచార పత్రంలో మూడు విషయాలున్నాయి. ఒకటి, పద్దెనిమిదేళ్లలోపు వాళ్లు రాత్రి పది దాటాక పెద్దల తోడు లేకుండా బయట కనిపించకూడదన్న ప్రతిపాదన. రెండు, సిబ్బంది చాలక యువజన కేంద్రాన్ని ఇకపై సాయంత్రం ఆరింటికే మూసేస్తారు. మూడు, ఆరిపోయిన వీధి దీపాల మరమ్మతు. అభ్యంతరాలుంటే రాయమన్నారు. మొదటిదాని మీద మీ అభిప్రాయం కావాలి.

తలుపుగడియ
ఎప్పుడో చేయాల్సిన పని. ఐస్లాండ్ సంగతి చూడండి. 1998లో అక్కడ 15, 16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది అంతకుముందు నెలలో తాగి మత్తెక్కామని సర్వేలో చెప్పారు. 2016కి ఆ లెక్క 5 శాతానికి దిగింది. అక్కడ చట్టం ఉంది. పన్నెండేళ్ల వరకు రాత్రి ఎనిమిది, పదమూడు నుంచి పదహారు వరకు పది, వేసవిలో ఇంకో రెండు గంటల వెసులుబాటు. దేశం మొత్తం పాటిస్తోంది. మనకేం నొప్పి?
ఇంకో మాట. మా ఆవిడ మెడలో గొలుసు తెంపుకుపోయిన ఇద్దరికీ ఇంకా మీసాలు కూడా రాలేదు. అప్పుడు టైమ్ పదిన్నర. మెడ మీద గొలుసు కోసుకుపోయిన గీత ఇప్పటికీ పోలేదు.

మూడోవీధి
గొలుసు తెంపేవాడు నిబంధన ఉందని ఆగుతాడా అండీ?

నీలిగాలి
తలుపుగడియ గారూ, మీ ఆవిడకి జరిగింది చదివి చాలా బాధేసింది. కానీ కర్ఫ్యూ పెడితే అది ఆగేదా? అమెరికాలో ఇలాంటి కర్ఫ్యూల మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2016లో సమీక్షిస్తే, నేరాలు తగ్గాయనడానికి ఆధారం దొరకలేదు. వాషింగ్టన్‌లో కర్ఫ్యూ కొన్ని నెలలు పదకొండింటికి, కొన్ని నెలలు పన్నెండింటికి మొదలయ్యేది. ఆ తేడా ఉన్న గంటలో తుపాకుల మోత తగ్గలేదు సరికదా, కర్ఫ్యూ ఉన్నప్పుడే పెరిగింది. మామూలు మనుషులు ఇళ్లలోకి వెళ్లిపోతే వీధిని చూసే కళ్లు తగ్గిపోతాయని ఆ తేడాని పరిశీలించిన పరిశోధకులు అనుకున్నారు.

తలుపుగడియ
తుపాకులున్న దేశం సంగతి మనకెందుకు? నేను చెప్పింది పదిన్నర గురించి. ఆ పదిన్నరకి ఆ ఇద్దరూ ఇంట్లో ఉండి ఉంటే గొలుసు మెడలోనే ఉండేది. దీనికి జవాబు చెప్పండి.

లెక్కలసారు
మూడో విషయం ఎవరికీ పట్టలేదు. 2016లో న్యూయార్క్‌లో కొన్ని ప్రభుత్వ గృహ సముదాయాలను లాటరీ తీసినట్టు ఎంచుకుని, రాత్రంతా వెలిగే పెద్ద దీపాలు పెట్టారు. ఆ ఆవరణల్లో ఆరుబయట రాత్రిపూట జరిగే తీవ్ర నేరాలు దాదాపు 36 శాతం తగ్గాయి. ఎవరినీ ఆపక్కర్లేదు, ఎవరి వయసూ అడగక్కర్లేదు. గొలుసు పోయినచోట లైటు వెలుగుతోందా తలుపుగడియ గారూ?

తలుపుగడియ
వెలగట్లేదు. అయితే? చీకటి గొలుసు తెంపిందా?

కాగితంపడవ
నాకు పదహారేళ్లు. కేంద్రం ఆరింటికి మూసేస్తే పదింటిదాకా ఎక్కడ ఉండాలో ఎవరైనా చెప్పండి. మా ఇంట్లో ఉన్నది ఒకటే గది, నాన్న నైట్ డ్యూటీకి ముందు అందులోనే పడుకుంటారు.

నీలిగాలి
ఇక నా మాట చెప్తాను. మా అబ్బాయికి పదిహేడేళ్లు. పరీక్షలప్పుడు ఫ్రెండ్ ఇంట్లో చదువుకుని వస్తుంటే గస్తీ వాళ్లు ఆపారు. అప్పటికి ఏ నిబంధనా లేదు. ఫోన్ లాక్కుని రెండు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టారు. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా మంచం అంచున కూర్చుండిపోయాడు. మణికట్టు మీద వేళ్ల గుర్తులు ఎర్రగా ఉన్నాయి. ఆ పరీక్ష రాయలేదు. ఇప్పుడు నిబంధన కూడా చేతికిస్తే వాళ్లు ఎవరిని ఆపుతారో నాకు తెలుసు.

తలుపుగడియ
చూడమ్మా, తప్పు చేయని పిల్లాడు రెండు గంటలు కూర్చుంటే ఏమైపోతుంది? ఆ వేళలో వాణ్ని ఒంటరిగా పంపింది మీరు. ముందు అది ఆలోచించుకోండి.

నీలిగాలి
నన్ను అమ్మా అని పిలిచి, నా పెంపకానికి వంక పెట్టకండి. మీ ఆవిడ మెడ మీది గీత గీతే, మా వాడి మణికట్టు మీద పడ్డవి గుర్తులు కావా? మీకు కావలసింది భద్రత కాదు. ఎవరో ఒకరి పిల్లల్ని శిక్షించాలి, అంతే.

నిర్వాహకులు
ఇద్దరూ కాస్త ఆగండి. పిల్లల పెంపకం మీద వ్యాఖ్యలు వద్దు.

తలుపుగడియ
శిక్షించాలని కాదు. నాకో తమ్ముడుండేవాడు. పద్నాలుగేళ్లకే రాత్రిళ్లు బయట తిరగడం మొదలుపెట్టాడు. అమ్మానాన్న పని నుంచి వచ్చేసరికి పదకొండు. నేను హాస్టల్లో. వాడు ఎక్కడున్నాడని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. పంతొమ్మిదేళ్లకి మత్తుమందుతో పోయాడు. ఇంటికెళ్లరా అని దారిలో ఒక్క పెద్దమనిషి వాణ్ని గద్దించి ఉంటే అని ఈ రోజుకీ అనుకుంటాను. నాకు కావలసింది ఆ ఒక్క మనిషి. మీ అబ్బాయి విషయంలో అలా అనకూడదు. తప్పయింది.

నీలిగాలి
మీ తమ్ముడి గురించి నాకు తెలియదు, క్షమించండి. మీరడిగే ఆ మనిషి నాకూ కావాలి. మీరు ఆ పనిని లాఠీ ఉన్నవాళ్లకి అప్పగిస్తున్నారు, నేను ఒప్పుకోలేకపోతున్నది అదే. మా వాడి పేరు తెలిసినవాళ్లు అడగాలి. మీరు చెప్పిన ఐస్లాండ్ చట్టంలోనే ఒక మినహాయింపు ఉంది. బడి నుంచో, ఆటల నుంచో, యువజన కేంద్రంలో కార్యక్రమం నుంచో ఇంటికెళ్తున్న పిల్లలకి ఆ పది గంటల హద్దు లేదు. అంటే పది దాటాక కూడా పిల్లలు ఉండటానికి ఒక చోటుందని అనుకునే ఆ చట్టం రాశారు. ఐస్లాండ్ రాజధాని రేక్యవిక్‌లో ఆటలకీ సంగీతానికీ పిల్లల తరఫున నగరమే కొంత డబ్బు కడుతుంది. గడియారం ఒక్కటే తెచ్చుకుంటే మనకి ఐస్లాండ్ రాదు.

లెక్కలసారు
దీనికి లండన్ లెక్క కూడా ఉంది. 2010 నుంచి 2019 మధ్య అక్కడ యువజన కేంద్రాల్లో 30 శాతం మూతపడ్డాయి. దగ్గర్లోని కేంద్రం పోయిన 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు నేరం చేసే అవకాశం 14 శాతం పెరిగింది, పరీక్షల్లో మార్కులూ తగ్గాయి. 2024లో వచ్చిన అధ్యయనం ఇది. పైన కాగితంపడవ అడిగినదానికి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

తలుపుగడియ
చదివాను. ఆరు నుంచి పది దాకా నాలుగు గంటలు. మా తమ్ముడు పాడైపోయింది కూడా సరిగ్గా ఆ వేళల్లోనే, పది దాటాక కాదు. ఇన్నాళ్లూ నేనలా లెక్కేసుకోలేదు. కేంద్రం ఆరింటికి మూయొద్దని అభ్యంతరం నేను రాస్తాను. మొదటి ప్రతిపాదన మాత్రం నేను వదులుకోను, ముందే చెప్తున్నా.

నీలిగాలి
దాని మీద నా అభ్యంతరం నేను రాస్తాను. రెండోదాని మీద మీ కాగితం కింద నా సంతకం కూడా పెట్టండి.

కాగితంపడవ
పద్దెనిమిది నిండనివాళ్లు సంతకం పెట్టొచ్చా?

చిరుదీపం
పత్రంలో వయసు గురించి ఏమీ రాయలేదు. పెట్టు నాయనా.