బావతో గొడవ పడకుండా సంస్కరణోద్యమం గురించి మాట్లాడేదెలా?

అందరికీ వందనాలు. మాది ఒంగోలు, బాప్టిస్టు కుటుంబం. 1878లో గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి వింటూ పెరిగాను. అక్కను నెల్లూరులో ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) వాళ్లింటికి ఇచ్చాం. బావ బంగారం లాంటి మనిషి. కానీ ఇద్దరం కలిస్తే మాట కతోలిక సంఘాన్ని ఎదిరించి ప్రొటెస్టెంటు సంస్కరణోద్యమం మొదలుపెట్టిన లూథర్ మీదికి పోతుంది, అక్కకు టెన్షన్ మొదలవుతుంది.

మొన్న భోజనాలయ్యాక, లూథర్ కాలంలో మీ చర్చి వాళ్లు డబ్బు తీసుకుని పాపాల శిక్షకు మినహాయింపు పత్రాలు ఇచ్చారు కదా అన్నాను. బావ కోప్పడలేదు. తన బైబిలు తెచ్చి నా బైబిలు పక్కన పెట్టాడు. నాది 66 పుస్తకాలు, ఆయనది 73. నా బైబిల్లో లేని రెండో మక్కబీయుల గ్రంథం 12వ అధ్యాయం తీసి, చనిపోయినవాళ్ల కోసం చేసిన ప్రార్థన చూపించాడు. తర్వాత, మనిషి విశ్వాసం వల్ల మాత్రమే కాక క్రియల వల్ల నీతిమంతుడవుతాడని చెప్పే యాకోబు 2:24 మీద వేలు పెట్టి, "ఇది నీ బైబిల్లోనూ ఉందిగా బామ్మర్దీ" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆ పత్రాల విషయంలో జరిగిన అక్రమాలను లూథర్ తర్వాత జరిగిన కతోలిక సంఘపు ట్రెంట్ మహాసభ కూడా ఖండించిందని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. నిజంగా సిగ్గేసింది.

విశ్వాసం వల్లే నీతిమంతులమవుతామని నమ్మే మనం యాకోబు మాటను ఎలా వివరించాలి? అదే విషయంపై ట్రెంట్ సభ 1547లో ఇచ్చిన తీర్మానం తెలుగులో దొరుకుతుందా? ఇదే విషయంపై 1999లో కతోలికులు, లూథరన్లు కలిసి చేసిన ఉమ్మడి ప్రకటనతో మాట మొదలుపెడితే మంచిదా? కతోలిక సోదరులు కూడా దయచేసి చెప్పండి, మా వైపు నుంచి ఏ మాట మిమ్మల్ని ఎక్కువ నొప్పిస్తుంది? క్రిస్మస్‌కు బావ వాళ్లింటికి వెళ్తున్నాను. ఈసారి ముందు ఆయన చెప్పేది వినాలని ఉంది.