జపాన్‌లో వృద్ధులను చూసుకునే ఉద్యోగం వచ్చింది, కానీ ఐదేళ్లు కుటుంబాన్ని తీసుకెళ్లకూడదట. ఏం చేయమంటారు?

ఎల్బీనగర్_నర్సు:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేశాను, ఎల్బీనగర్ దగ్గర ఒక ప్రైవేటు హాస్పిటల్లో స్టాఫ్ నర్సుని, వయసు 27. పెళ్లయింది, ఇంకా పిల్లల్లేరు. జపాన్‌లో వృద్ధులను చూసుకునే పని కోసం (అక్కడ కైగో అంటారు) హైదరాబాద్‌లోనే భాష నేర్చుకుని పరీక్షలు రాసి పాసయ్యాను, అక్కడి ఒక వృద్ధుల కేంద్రం వాళ్లు ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ చేసి తీసుకున్నారు. ఇంటి మీద అప్పుంది, ఇక్కడి జీతంతో అది తీరేది కాదు, అందుకే ఇంత కష్టపడ్డాను.

కాంట్రాక్టు పేపర్లు వచ్చాక అసలు టెన్షన్ మొదలైంది. వీసా పేరు స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్, మొదటి రకం. మొత్తం మీద ఐదేళ్లే ఉండనిస్తారు, ఆ ఐదేళ్లూ భర్తని గానీ పిల్లల్ని గానీ డిపెండెంట్‌గా తీసుకెళ్లడానికి లేదు. ముందే ఎవరూ ఇంత స్పష్టంగా చెప్పలేదు. అడిగితే "డబ్బు సంపాదించుకుని రండమ్మా, ఐదేళ్లు ఎంతలో అయిపోతాయి" అన్నారు.

క్లాసులో సార్ చెప్పినదాని ప్రకారం ఆ దేశంలో 2024లో పుట్టిన పిల్లలు ఏడు లక్షల కన్నా తక్కువ, పిల్లల్ని కనండి అని ప్రభుత్వం డబ్బులిస్తోంది. మరి పిల్లల్ని కనే వయసులో ఉన్న మమ్మల్ని పిలుచుకుని, కుటుంబాన్ని మాత్రం అక్కడే వదిలేసి రండి అనడం ఏం పద్ధతి? అత్తమ్మ ఏమో ముందు ఒక బిడ్డని కని నాకు అప్పజెప్పి వెళ్లు అంటోంది. అమ్మ అసలు వద్దే వద్దంటోంది. మా ఆయన నీ ఇష్టం అంటాడు, దానికే నాకు ఎక్కువ భయమేస్తోంది. తిరిగొచ్చేసరికి 32 దాటుతాయి. అక్కడ ఉన్నవాళ్లు, ఇలాంటి వీసా మీద వెళ్లినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

ఒసాకా_తెలుగోడు:

చెల్లెమ్మా, నేను సాఫ్ట్‌వేర్ వాడినే గానీ మా కాలనీ పక్కనే కైగో కేంద్రం ఉంది, అక్కడ పనిచేసే మనవాళ్లు పండగలకి మా ఇంటికి వస్తుంటారు, కాబట్టి వాళ్ల దగ్గర విన్నదీ రూల్‌లో ఉన్నదీ కలిపి చెబుతాను. నువ్వు చదివింది నిజమే. ఈ వీసా 2019 ఏప్రిల్‌లో మొదలైంది. మొదటి రకానికి ఐదేళ్లు, కుటుంబం కుదరదు. రెండో రకానికి కుటుంబాన్ని తెచ్చుకోవచ్చు, కానీ నీ కైగో పనికి ఆ రెండో రకం లేదు. ఇది చాలామంది ఏజెంట్లు కలిపేసి చెబుతారు, "తర్వాత రెండో రకానికి మారిపోవచ్చు" అని, నమ్మొద్దు.

నీకు వేరే దారి ఉంది. కైగో ఫుకుషిషి (గుర్తింపు పొందిన కైగో వర్కర్) అని జాతీయ పరీక్ష, ఏడాదికి ఒక్కసారి, జనవరి చివర్లో. అది పాసైతే వీసా కైగో హోదాకి మారుతుంది, భర్తా పిల్లలూ రావచ్చు, పని ఉన్నంతకాలం రెన్యువల్ చేసుకుంటూ ఉండొచ్చు. ఆ పరీక్ష రాయాలంటే మూడేళ్ల పని అనుభవం కావాలి, దాంతోపాటు ఒక ట్రైనింగ్ కోర్సు చేయాలి. ఆ మూడేళ్లు పరీక్ష జరిగిన ఏడాది మార్చి 31కి నిండితే చాలు. అంటే నువ్వు ఏప్రిల్ మొదట్లోనే పనిలో చేరావా లేక జూన్‌లో చేరావా అన్నదాన్ని బట్టి ఒక ఏడాది మొత్తం అటూ ఇటూ అవుతుంది. చేరే తేదీ గురించి వాళ్లతో గట్టిగా మాట్లాడు, ఆ రెండు నెలలు నీ కుటుంబానికి ఒక ఏడాదితో సమానం. 2026 జనవరి నుంచి పరీక్షని మూడు భాగాలు చేశారు, పాసైన భాగం మళ్లీ వెంటనే రాయక్కర్లేదు. కంజీ (చైనా నుంచి వచ్చిన జపనీస్ లిపి) అక్షరాల పక్కన ఉచ్చారణ రాసి ఉన్న ప్రశ్నపత్రం కూడా అడిగితే ఇస్తారు. పనిచేస్తూ చదవడం తేలిక కాదు. నైట్ డ్యూటీలో ఒక్కరే చాలామంది వృద్ధులను చూసుకోవాలి, పక్క మార్చడం, డైపర్ మార్చడం, రాత్రి లేచి ఇంటికి వెళ్లిపోతానని తలుపు దగ్గరికి వచ్చేవాళ్లని బుజ్జగించి పడుకోబెట్టడం, పొద్దున ఆ రికార్డంతా జపనీస్‌లో రాయడం. ఈ రికార్డు రాయడమే మనవాళ్లకి కష్టమని చెబుతారు.

మెట్‌పల్లి_వాడు:

అక్కా, నేను గల్ఫ్ కొడుకుని. మా ఊళ్లో ప్రతి ఇంటి నుంచీ ఒకరు దుబాయో సౌదీయో పోయినవాళ్లే. మా నాయన రెండేళ్లకోసారి వచ్చేవాడు, వచ్చినప్పుడల్లా మొదట్లో నేను అమ్మ వెనక దాక్కునేవాణ్ణంట. నాయన పంపిన పైసలతోనే నేను బీటెక్ చదివిన, ఇల్లు కట్టినం, అది కాదనను. కానీ అత్తమ్మ చెప్పినట్టు బిడ్డని కని వెంటనే వదిలిపోవడం మాత్రం చేయకండి. నాయన లేకపోతే అమ్మ ఉంది మాకు, మీరు వెళ్తే ఆ బిడ్డకి అమ్మే ఉండదు కదా. పాలు తాగే బిడ్డకి వీడియో కాల్ ఏం తెలుస్తది. పోతే ఇప్పుడే పొండి, పరీక్ష పాసై మీ ఆయన్ని పిలిపించుకుని అక్కడే కనండి. లేదంటే ఇక్కడే ఉండండి. మధ్యలో దారి మీద నాకు నమ్మకం లేదు.

లెక్కల_టీచర్:

అమ్మాయి అడిగిన రెండో ప్రశ్నకి, అంటే ఇదేం పద్ధతి అన్నదానికి, ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను, ఈ విషయం చాలాకాలంగా చదువుతున్నాను.

జపాన్‌లో 1966లో ఒకసారి జననాలు ఢమాల్న పడిపోయాయి. అది అగ్ని అశ్వ సంవత్సరం, ఆ ఏడాది పుట్టిన ఆడపిల్ల మొగుడికి అచ్చిరాదని నమ్మకం, మన దగ్గర మూలా నక్షత్రం ఆడపిల్ల గురించి అన్నట్టే. ఆ ఏడాది సంతానోత్పత్తి రేటు, అంటే ఒక్కో ఆడమనిషికి సగటున పుట్టే పిల్లల లెక్క, 1.58. తర్వాత 1989లో ఏ నమ్మకమూ అడ్డు లేకుండానే అది 1.57కి దిగింది, అప్పుడు దేశం ఉలిక్కిపడింది. 1994లో పిల్లల పెంపకానికి సాయంగా ఏంజెల్ ప్లాన్ అని మొదలుపెట్టి ఇప్పటిదాకా ప్రయత్నాలు ఆపలేదు. 2019 అక్టోబర్ నుంచి మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకి ప్రీస్కూల్ ఫీజులు తీసేశారు, 2023లో కాన్పు సాయం 5 లక్షల యెన్‌లు చేశారు, 2024 అక్టోబర్ నుంచి నెలనెలా ఇచ్చే పిల్లల భత్యానికి ఆదాయ పరిమితి తీసేసి మూడో బిడ్డ నుంచి 30 వేల యెన్‌లు ఇస్తున్నారు. ఇంత చేసినా 2024లో రేటు 1.15, పుట్టిన పిల్లలు సుమారు 6.86 లక్షలు. డబ్బు చాలక కాదు, పెళ్లిళ్లే తగ్గిపోయాయి. పెళ్లి కాకుండా పుట్టే పిల్లలు అక్కడ నూటికి ఇద్దరో ముగ్గురో, కాబట్టి పెళ్లి తగ్గితే పిల్లలు తగ్గినట్టే. ఆఫీసు అయ్యేసరికి రాత్రవుతుంది, ఇంటి పని మొత్తం ఆడమనిషి మీదే. దక్షిణ కొరియా కథా ఇదే, ఇంకా ఘోరం, 2023లో 0.72. స్వీడన్ తల్లిదండ్రులిద్దరికీ కలిపి 480 రోజుల సెలవు ఇస్తుంది, అక్కడా 1.5 కిందికి దిగింది.

ఇటు ముసలివాళ్లు పెరిగారు, 2040 నాటికి కైగో పనికి 2022లో ఉన్నవాళ్ల కన్నా 5.7 లక్షల మంది ఎక్కువ కావాలని వాళ్ల ఆరోగ్య శాఖే లెక్క వేసింది. అందుకే నిన్ను పిలుస్తున్నారు. పిల్లల విధానం ఒక శాఖ చూస్తుంది, వీసాలు ఇంకో శాఖ చూస్తుంది. మొదటి శాఖకి బిడ్డ కావాలి, రెండో శాఖకి పనిచేసే చేతులు మాత్రమే కావాలి, ఆ చేతులున్న మనిషికి ఇల్లు ఉంటుందన్న ఆలోచన రెండు శాఖల్లోనూ లేదు. ఇంకొకటి విను. పిల్లల పథకాల ఖర్చు కోసం 2026 ఏప్రిల్ నుంచి ఆరోగ్య బీమా ప్రీమియంతో కలిపి కొంత డబ్బు వసూలు చేస్తున్నారు. బీమా ఉన్న ప్రతి ఉద్యోగీ కట్టాలి, నువ్వూ కడతావు. ఆ భత్యం జపాన్‌లో నివసించే పిల్లలకే. అంటే అక్కడి పిల్లల కోసం నీ జీతంలోంచి కోత ఉంటుంది, నీ బిడ్డ అక్కడ అడుగు పెట్టడానికి వీల్లేదు. నాకు ఇది తప్పు అనిపిస్తుంది, చట్టప్రకారం సరే కావచ్చు గానీ తప్పే.

సూటిగా_మాట:

టీచర్ గారూ, గౌరవంతోనే చెబుతున్నా, మీతో ఒప్పుకోను. ఎవరి దేశం రూల్స్ వాళ్లవి. తాత్కాలిక పని అని ముందే చెప్పారు, బలవంతం లేదు. ఊళ్లకి ఊళ్లు కుటుంబాలతో దిగితే స్కూళ్లు, ఇళ్లు, భాష అన్నీ వాళ్లే చూసుకోవాలి కదా. 2025 జులై ఎన్నికల్లో జపనీయులే ముందు అన్న పార్టీ ఎగువ సభలో 14 సీట్లు గెలిచింది, అక్కడి జనం మనసులో ఏముందో అది చూపిస్తుంది. బ్రిటన్ చూడండి, 2024 మార్చి నుంచి కేర్ వర్కర్లు కుటుంబాన్ని తేకూడదన్నారు, 2025 జులైలో బయటి నుంచి కేర్ వర్కర్లను తీసుకోవడమే ఆపేశారు. కనీసం జపాన్ మొదటి రోజే ఉన్నమాట చెబుతోంది.

నార్సింగి_టీచరమ్మ:

బలవంతం లేదు అంటున్నారు. ఇంటి మీద అప్పున్న అమ్మాయికి ఎంత స్వేచ్ఛ ఉంటుందో మీరే ఆలోచించండి. బ్రిటన్ సంగతి కూడా మీ వాదనకి పనికిరాదు, అక్కడ ఒక రూల్ నమ్ముకుని వెళ్లేవాళ్లకి మధ్యలో ఆ రూల్ మార్చేశారు, రేపు జపాన్‌లోనూ మారవచ్చు, అది కూడా ఈ అమ్మాయి లెక్కలో ఉండాలి.

ఇంకో మాట, ఇది మనల్ని మనం అడగాల్సింది. నేను నార్సింగి, కోకాపేట వైపు సైట్ల దగ్గర కూలీల పిల్లలకి చదువు చెబుతాను. ఆ టవర్లు కట్టేది బీహార్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వాళ్లు. ఎక్కువమంది మగవాళ్లు ఒంటరిగానే వస్తారు, రేకుల షెడ్డులో ఒక్కో గదిలో వరసగా పడుకుంటారు, గోడకి మేకు కొట్టి దానికి బ్యాగు తగిలిస్తారు, అదే వాళ్ల ఇల్లు. పెళ్లాం పిల్లల్ని తెచ్చుకోవద్దని ఏ చట్టమూ లేదు, కానీ ఆ షెడ్డులో తెచ్చుకునే వీలు ఎక్కడుంది? తెచ్చుకున్న కొద్దిమంది పిల్లలు నా దగ్గరికి వస్తారు, పక్క సైటుకి పని మారగానే చెప్పకుండా వెళ్లిపోతారు. నాట్లకి కూడా ఇప్పుడు బెంగాల్, బీహార్ నుంచే మనుషులు వస్తున్నారు, ఊళ్లలో మనవాళ్లు దొరకట్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో తెలంగాణ రేటు 1.8, ఆంధ్రా 1.7, జనాభా నిలబడటానికి కావాల్సింది 2.1. ఇద్దరికి మించితే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న 1994 నాటి రూల్‌ని ఆంధ్రా 2024లో తీసేసింది. ఎక్కువమందిని కనండి అని ముఖ్యమంత్రులు చెప్పే కాలం వచ్చేసింది మనకీ. నా క్లాసులో కూర్చున్న ఒడిశా బలంగీర్ పిల్ల ఇక్కడే పెరిగితే ఆమె మన పిల్ల కాదా? జపాన్‌ని తిట్టేముందు ఆ రేకుల షెడ్డు సంగతి చూద్దాం.

సూటిగా_మాట:

షెడ్డుల గురించి మీరన్నది ఒప్పుకుంటున్నా టీచరమ్మా, అక్కడ గదులూ బడులూ కట్టే బాధ్యత బిల్డర్ల మీద పెట్టాలి. వీసా విషయంలో మాత్రం నా మాట అదే.

ఎల్బీనగర్_నర్సు:

అందరికీ చాలా థ్యాంక్స్. మెట్‌పల్లి తమ్ముడి పోస్టు అత్తమ్మకి చదివి వినిపించాను, ఏమీ అనలేదు, కానీ బిడ్డ మాట మళ్లీ ఎత్తలేదు. మా ఆయనతో కూడా మాట్లాడాను, పరీక్ష పాసైతే తను వస్తానన్నాడు, ఇప్పటినుంచే భాష నేర్చుకుంటానంటున్నాడు. ఒసాకా అన్నా, రెండు విషయాలు అడుగుతాను. ఒకవేళ అక్కడ ఉండగా ప్రెగ్నెన్సీ వస్తే పంపించేస్తారా? క్లాసులో ఒకమ్మాయి అలాగే చెప్పింది, భయపడుతున్నాను. రెండోది, ఏజెంటుకి ఎంత కట్టడం న్యాయం?

ఒసాకా_తెలుగోడు:

మొదటిది. గర్భం వచ్చిందని ఉద్యోగంలోంచి తీసేయడం జపాన్ చట్టంలో నేరుగా నిషేధం, విదేశీయులకీ అదే వర్తిస్తుంది. కాన్పుకి ముందు ఆరు వారాలు, తర్వాత ఎనిమిది వారాలు సెలవు ఉంటుంది, బీమా ఉంది కాబట్టి ఆ 5 లక్షల యెన్‌లూ నీకు వస్తాయి. ఈ భయం మాత్రం ఊరికే పుట్టింది కాదు. 2020లో కుమామోతోలో ఒక వియత్నాం ట్రైనీ ఇంటికి పంపేస్తారన్న భయంతో గర్భం సంగతి ఎవరికీ చెప్పకుండా గదిలోనే ప్రసవించింది, కవలలు చనిపోయే పుట్టారు, మృతదేహాలను వదిలేసిందన్న కేసులో ఆమెనే అరెస్టు చేశారు. కింది కోర్టులు శిక్ష వేశాయి, 2023 మార్చిలో సుప్రీంకోర్టు నిర్దోషి అని తేల్చింది. అందుకే చెబుతున్నా, అలాంటిదేమైనా ఉంటే దాచొద్దు, రాతపూర్వకంగా యాజమాన్యానికి చెప్పు, వాళ్లు ఒత్తిడి చేస్తే లేబర్ ఆఫీసుకి వెళ్లు. బిడ్డ పుట్టాక ఆ బిడ్డ వీసా విషయం వేరే గొడవ, మొదటి రకంలో ఉండగా దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ముందు పరీక్ష, తర్వాత బిడ్డ అన్న వరసే నీకు మంచిది.

రెండోది. మన దేశంలో రిజిస్టరైన ఏజెంటు మనిషి దగ్గర తీసుకోగలిగేది 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి లక్షల్లో అడిగితే కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని లైసెన్సు ఉందో లేదో చూడు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా జపాన్‌కి, జర్మనీకి మనుషుల్ని పంపుతుంది, ఒకసారి వెళ్లి కనుక్కో. జర్మనీ అయితే భాష బీ2 స్థాయి (ధారాళంగా మాట్లాడగలిగేంత) దాకా రావాలి, మన నర్సింగ్ చదువు గుర్తింపుకి టైమ్ పడుతుంది, కానీ నర్సుగా గుర్తింపు వచ్చాక కుటుంబాన్ని తెచ్చుకోవచ్చు, అది కూడా పక్కన పెట్టి పోల్చుకో.

సంతకం చేసేముందు నిన్ను తీసుకున్న ఆ కేంద్రానికి ఒక మెయిల్ పెట్టు. మీ దగ్గర ఇప్పటిదాకా ఎంతమంది విదేశీ ఉద్యోగులు ఫుకుషిషి పాసయ్యారు, ట్రైనింగ్ కోర్సు ఫీజు ఎవరు కడతారు, పరీక్ష ముందు నైట్ డ్యూటీలు తగ్గిస్తారా, ఏ తేదీకి చేరాలి, ఈ నాలుగూ అడుగు. జపనీస్‌లో రాయడం కష్టమైతే డ్రాఫ్ట్ ఇక్కడ పెట్టు, ఆదివారం కూర్చుని సరిచేసి ఇస్తాను.