తమ్ముడు తుపాకి దించితే అన్నకు ద్రోహమా?

మానేరు తీరం:
2011 నవంబర్ 24న పశ్చిమ బెంగాల్‌లోని బురిశోల్ అడవిలో మావోయిస్టు పార్టీ అగ్రనేత మల్లోజుల కోటేశ్వరరావు (కిషన్‌జీ) ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. 2025 అక్టోబరులో ఆయన తమ్ముడు వేణుగోపాల్ 60 మందితో కలిసి గడ్చిరోలిలో మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఎదుట ఆయుధాలు అప్పగించారు. పార్టీ ఆయనను ద్రోహి అంది. "అన్న రక్తాన్ని తొక్కుకుంటూ బయటికొచ్చాడు" అని నిన్న ఒక మిత్రుడు కూడా అన్నాడు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. మీరేమంటారు?

ఎర్రమట్టి:
మీ మిత్రుడి మాటే నా మాట. పార్టీని నడిపే పొలిట్‌బ్యూరో దాకా ఎదిగిన మనిషి వేణుగోపాల్. ఆయన మాట నమ్మి తుపాకి పట్టిన ఆదివాసీ పిల్లలు ఎంతమంది నేలకొరిగారు? వాళ్లకు ఏం జవాబు చెబుతారు?

మానేరు తీరం:
ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ అన్నకు ద్రోహమనడం వేరు. ఊళ్లో అందరూ దళాన్ని "అన్నలు" అనేవారు. మా ఇంట్లో మాత్రం అడవికి వెళ్లినవాడు తమ్ముడు, మా చిన్నాన్న. ఇంట్లో మిగిలిన అన్న మా నాన్న. ప్రతి ఆదివారం పోలీస్ స్టేషన్‌కు వెళ్లి సంతకం పెట్టాల్సింది ఆయనే. సాయంత్రం దాకా కూర్చోబెడతారని తెలిసి సైకిలు హ్యాండిల్‌కు సద్ది డబ్బా తగిలించుకుని వెళ్లేవాడు. తిరిగి రాగానే నానమ్మ "వాడి సంగతేమైనా తెలిసిందా?" అని అడిగేది. తిన్నావా అని మాత్రం అడిగేది కాదు. నాన్న ఏమీ అనకుండా బావి దగ్గర డబ్బా కడుక్కునేవాడు.

ఆ మల్లోజుల తల్లి ఒక కొడుకు శవాన్ని చూసింది. చిన్న కొడుకును చూడకుండానే 2022లో కన్నుమూసింది. ఆయన మూడేళ్లు ఆలస్యంగా వచ్చాడన్నదే నా బాధ.

నల్లరేగడి:
మానేరు గారూ, చంపినవాళ్ల ఇళ్ల గురించే మాట్లాడుతున్నారు. మా మేనమామను ఇన్‌ఫార్మర్ అని ముద్ర వేసి చంపారు. అప్పుడు ఆయన సొంత తమ్ముడు అదే దళంలో ఉన్నాడు. తరువాత లొంగిపోయి ఊరికి వచ్చాడు. మా అత్తయ్య ఈనాటికీ అతనికి మంచినీళ్లు ఇవ్వలేదు. ద్రోహమంటే ఏమిటో ఆమెను అడగండి.

మానేరు తీరం:
మీ అత్తయ్య కోపం ముందు నా దగ్గర మాట లేదు. ఆమెను క్షమించమని అడిగే హక్కు ఎవరికీ లేదు.

ఎర్రమట్టి:
మీ చిన్నాన్న వచ్చారా?

మానేరు తీరం:
రాలేదు. 2004 అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వంతో చర్చలు జరిగినప్పుడు వస్తాడనుకుని నానమ్మ నులక మంచం బిగించి పెట్టింది. చర్చలు చెడిపోయాయి. మరుసటి ఏడు కబురొచ్చింది. మార్చురీలో కాగితాల మీద సంతకం పెట్టింది కూడా నాన్నే. అంతకుముందే చిన్నాన్న తుపాకి దించి వచ్చి ఉంటే, ఎవరేమనుకున్నా సరే, నాన్న సైకిలెక్కి ఎదురెళ్లి ఇంటికి తీసుకొచ్చేవాడు.