చిన్నపిల్లలతో కష్టమైన కొండదారి: వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

ఇద్దరు పిల్లల నాన్న:
పాపకి ఆరేళ్లు, బాబుకి రెండు నిండాయి. మేం ఎక్కాలనుకుంటున్న దారి రానూపోనూ 9 కిలోమీటర్లు, ఎత్తు 700 మీటర్లు ఎక్కాలి, చివర్లో కాస్త దూరం చేతులతో రాళ్లు పట్టుకుని ఎక్కేలా ఉంటుందట. పాప నడుస్తుంది, బాబుని వీపుకి తగిలించుకునే పిల్లల క్యారియర్‌లో నేను మోస్తాను. బోర్డు మీద నాలుగు గంటలు అని ఉంది. సరిపోతుందా?

కొండగాలి:
ఆ లెక్క పెద్దవాళ్లది అండి. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఒకటుంది, 5 కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. మీ దారికి వేస్తే మూడు గంటలు వస్తుంది, అదీ ఎక్కడా ఆగకుండా నడిస్తేనే. దారిలో కనిపించిన ప్రతి చీమల బారు దగ్గరా కూర్చునే పిల్లకి అది ఎలా సరిపోతుంది? బోర్డు టైమ్‌కి రెట్టింపు పెట్టుకోండి, చీకటి పడటానికి రెండు గంటల ముందే కిందికి చేరేలా చూసుకోండి.

ఆకుపచ్చ బూట్లు:
నాకు పాప కంటే బాబు గురించే టెన్షన్. మోసేవాళ్లకి చెమటలు పడుతుంటాయి, వాడేమో కదలకుండా కూర్చుని గాలికి చల్లబడిపోతుంటాడు, మీకు తెలియను కూడా తెలియదు. చేతివేళ్లు పట్టుకుని చూస్తే సరిపోదు, మెడ వెనకాల, ఛాతీ మీద చెయ్యి పెట్టి చూడాలి. కాళ్లు వేలాడి తిమ్మిరెక్కుతాయి కాబట్టి మధ్యమధ్యలో దించి నడిపించండి. ఇంకో సంగతి, వాడి తల మీ తల కంటే పైన ఉంటుంది. మీరు వంగి కొమ్మ దాటేస్తారు, వెనక వాడి మొహానికి తగులుతుంది.

చేతులతో ఎక్కే చోట మాత్రం క్యారియర్ వద్దే వద్దు. బరువు వెనక్కి లాగుతుంది, జారితే ముందు దెబ్బ తగిలేది వాడికే.

మెల్లగా నడిచేవాడు:
పాపకి ఆ రాళ్లే బాగా నచ్చుతాయి చూడండి, మా వాడు చదునుగా ఉన్న చోటే "ఎత్తుకో" అని పేచీ పెట్టేవాడు, రాళ్లొస్తే హుషారు. కష్టమంతా దిగేటప్పుడే. అప్పటికి అలిసిపోయి ఉంటారు, అడుగు ఎక్కడ పెట్టాలో వాళ్లకి కనబడదు. రాయి వైపు మొహం తిప్పి దిగమనండి, పెద్దవాళ్లు ఒకరు కింద నిలబడి "ఎడమ కాలు ఇక్కడ" అని పాదం పట్టుకుని పెట్టించాలి. పైనుంచి చెయ్యి పట్టుకుని వేలాడదీయొద్దు, పట్టు తప్పి ఊగిపోతారు. అంటే పాప కోసమే ఒక మనిషి కావాలి, బాబుని మోసేవాళ్లు ఆ పని చేయలేరు.

మంచుబిందువు:
కొండ ఎత్తెంత? 2500 మీటర్లు దాటితే ఆ ఎత్తు ఒంటికి పడకపోవచ్చు, రెండేళ్లవాడు తలనొప్పి అని చెప్పలేడు కదా. ఊరికే ఏడవడం, తినకపోవడం, ఆడకపోవడం కనిపిస్తే అది మారాం అనుకోకుండా కిందికి దిగిపోవాలి.

ఇద్దరు పిల్లల నాన్న:
లేదండి, శిఖరమే 1500 లోపు. రాళ్ల మొదలు దాకా అందరం వెళ్లి, బాబు దగ్గర ఒకరం ఉండి, పాపని తీసుకుని ఇంకొకరం ఎక్కుదామనుకుంటున్నాం.

ఆకుపచ్చ బూట్లు:
అది బాగుంది. కానీ కింద ఆగేవాళ్లకి, బాబుకి వెచ్చని జాకెట్లు అక్కడే ఉండాలి, పైకెళ్లే బ్యాగులో కాదు. 700 మీటర్లు ఎక్కితే మామూలుగా నాలుగైదు డిగ్రీలు తగ్గుతుంది, గాలి అదనం.

కొండగాలి:
ఎన్నింటికి వెనక్కి తిరగాలో ఇంట్లోనే అనుకోండి, పాపకి కూడా ముందే చెప్పండి. పైకెళ్లాక "ఇంకో పది నిమిషాలే" అనేది ఎక్కువగా పెద్దవాళ్లే. పాప మెడలో ఒక విజిల్ వేయండి. తప్పిపోతే ఉన్నచోటే ఆగి ఊదాలి, నిమిషంలో ఆరుసార్లు, నిమిషం ఆగి మళ్లీ.

ఇద్దరు పిల్లల నాన్న:
విజిల్ ఇస్తే దారి పొడవునా ఊదుతుందండీ అది!

మెల్లగా నడిచేవాడు:
ముందు రోజు ఇంటి దగ్గర కసితీరా ఊదనివ్వండి. కొండ మీద ఉత్తినే ఊదితే విన్నవాళ్లు నిజమనుకుని పరిగెత్తుకొస్తారని చెప్పండి, ఆరేళ్ల పిల్లకి అర్థమవుతుంది.