వైన్ బాటిల్‌కి చెక్క పెట్టె... 650 పెట్టొచ్చా?

కృష్ణలంక_కుర్రోడు:
మా బావగారి పుట్టినరోజు వచ్చే వారం. ఆయన విస్కీ బ్రాందీ ముట్టడు, వైన్ అంటే మాత్రం ప్రాణం. మన వైన్ షాపుల్లో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి కదా, బెజవాడంతా తిరిగి తిరిగి ఒక నాసిక్ రెడ్ వైన్ పట్టా, 900 అయింది. ఇప్పుడు గిఫ్ట్ షాపోడు చెక్క పెట్టె 650 అంటున్నాడు, పేరు చెక్కితే ఇంకో 150 అంట. అట్ట డబ్బా అయితే 70. పెట్టె వల్ల వైన్‌కి ఏమన్నా ఉపయోగం ఉంటుందా, లేక ఉత్త బిల్డప్పేనా?

పటమట_పాండు:
మూత కార్కా, తిప్పేదా? ముందు అది చూడు బ్రో. ఫ్రాన్స్‌లో బోర్డోవాళ్ళు ఖరీదైన వైన్లని ఆరో పన్నెండో చెక్క పెట్టెలో పెట్టి అమ్ముతారు, అవి ఏళ్ళ తరబడి సెల్లార్లో ఉండే సరుకు, కార్కు ఎండిపోకుండా బాటిల్ పడుకోబెట్టాలి కాబట్టి అక్కడ పెట్టెకి పనుంది. మీ బావగారు ఎన్నేళ్ళు దాస్తారు, కేక్ కోసేలోపే అయిపోద్ది 😂

ఆటోనగర్_ప్యాకింగ్:
నేను చేసేది ఈ పనేనండి, నా బేరం పోయినా నిజం చెప్తా. పడితే పగలకుండా కాపాడేది అట్టే, అది నొక్కుకుపోయి దెబ్బ తను తీసుకుంటది, చెక్క గట్టిది కాబట్టి లోపల రంపపు పొట్టో కాగితం తురుమో కూరకపోతే దెబ్బంతా గాజుకే తగుల్తది. వేడి కూడా అంతే, మే నెల్లో కారు డిక్కీలో వదిలేస్తే చెక్కలో ఉన్నా అట్టలో ఉన్నా వైన్ ఉడికిపోద్ది. ఇంకోటి, చవక పెట్టెలు కొన్ని పాత ఇంపోర్ట్ ప్యాలెట్లు, అంటే సరుకు కింద వేసే చెక్క బల్లలు కోసి చేసినవి. చెక్క మీద హెచ్‌టీ అని ముద్ర ఉంటే పురుగు పోడానికి 56 డిగ్రీల్లో 30 నిమిషాలు వేడి చేశారని, పర్లేదు. ఎంబీ అని ఉంటే మందు పొగ పెట్టిందన్నమాట, అది ఇంట్లోకి వద్దు.

బ్రాడీపేట_అమ్మాయి:
అందరూ వైన్ గురించే చెప్తున్నారు, పెట్టె సంగతి ఎవరూ చెప్పరేంటి! మాకు పోయినేడాది ఒకటొచ్చింది, వైన్ ఎలా ఉందో మా ఆయనకి గుర్తు కూడా లేదు, పెట్టెలో మాత్రం మా అత్తయ్యగారు కరెంటు బిల్లులు, బీరువా తాళాలు పెట్టుకుని ఎవర్నీ ముట్టనివ్వట్లేదు. అంత డబ్బు పెట్టేదుంటే కొండపల్లి వెళ్ళి పెట్టె చేయించి మూత మీద రంగులేయించుకోండి. కాకపోతే అక్కడ బొమ్మలకి వాడే పొణికి కర్ర మెత్తన, నిండు బాటిల్ కిలో పావు పైనే ఉంటుంది, అడుగు ప్లైవుడ్ వేయమనండి.

కృష్ణలంక_కుర్రోడు:
చూశా, తిప్పే మూతే 🤦 70 అట్ట డబ్బాకే ఫిక్స్. కొండపల్లి ఐడియా మా అక్కకి చెప్పా, చెప్పకుండా ఉండాల్సింది, ఇప్పుడు పెట్టె తనకి కావాలంట, వైన్ లేకుండా.